ఊ కొట్టువారు: ధారావాహిక కథనమున ప్రేక్షకుని ఊహ

కథ చెప్పువానికి ఊ కొట్టువాడు కావలెననుట తెలుగువారందరు ఎరిగిన మాట. ఆ ‘ఊ’ యనునది వినువాడు నిద్రపోలేదని తెలుపు గుర్తు మాత్రమే కాదు. ‘తరువాత ఏమైనది?’ అను ప్రశ్నకు అది సంక్షిప్తరూపము. ఆ ప్రశ్న వేసినవాడు సమాధానమునకై ఊరక కాచుకొని యుండడు. తానును ఒక సమాధానమును మనస్సున కల్పించుకొనియే యుండును. కథకుడు చెప్పినది తన ఊహతో సరిపడినచో సంతోషించును, సరిపడనిచో ఆశ్చర్యపడును, ఒక్కొక్కప్పుడు తగవునకు దిగును. వినువాని ఈ ఊహావ్యాపారమును మన పరిశోధకులు తగినంతగా గమనింపలేదని మా యభిప్రాయము. కథాపాఠములను సేకరించితిమి, కథకుల చరిత్రలను వ్రాసితిమి, భాషా ఛందో విశేషములను పరిశీలించితిమి. వినువాడు నడుమ నడుమ ఏమనుకొనెనో వ్రాసికొనినవారు మాత్రము అరుదు.

ఈ లోపమును చూపుటకు మేము బుద్ధిపూర్వకముగా ఒక నవీనోదాహరణమును గ్రహించితిమి. అది చిరకాలము సాగిన టెలివిజను ధారావాహిక. అందును వైజ్ఞానిక కల్పనమును అద్భుతమును కలిపి చెప్పిన ‘శక్తిమాన్’. దీనిని పరిశీలించుటకు ఎన్నుకొనిన ప్రదేశము ఉత్తర తెలంగాణము, అనగా పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు మండలములు. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనముచే ఈ రెండు మండలములు కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, మంచిర్యాల, నిర్మల, కుమురం భీం ఆసిఫాబాదు మొదలగు జిల్లాలుగా విడిపోయినవి. రాత్రులకు రాత్రులు సాగెడి కథాగానము జీవించియున్న సీమ ఇది. కనుక పాతవిధమున ఊ కొట్టుటకును క్రొత్తవిధమున ఊహించుటకును గల పోలికను, భేదమును ఇచ్చట పక్కపక్కన పెట్టి చూడవచ్చును.

ముందు ప్రక్రియను గూర్చి కొంత చెప్పవలసియున్నది. భారతదేశమున దూరదర్శన్ ధారావాహికలు దేశవ్యాప్తమైన ప్రేక్షకసముదాయమును సంపాదించినది 1980వ దశకమున. రామానంద సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి నుండి 1988 జూలై వరకును, బి. ఆర్. చోప్రా ‘మహాభారత్’ 1988 అక్టోబరు నుండి 1990 వరకును వారమున కొక భాగము చొప్పున ప్రసారమైనవి. ఆ కాలముననే ‘ఇంద్రధనుష్’, ‘స్పేస్ సిటీ సిగ్మా’ వంటి వైజ్ఞానిక కల్పనా ధారావాహికలు బాలుర నుద్దేశించి వెలువడినవి. 1998లో వచ్చిన ‘కెప్టెన్ వ్యోమ్’ కథ రోదసిలో నడచినది. వీనిలో దేనికిని ‘శక్తిమాన్’కు కలిగినంత దీర్ఘాయువు కలుగలేదు. అది 1997 సెప్టెంబరున ఆరంభమై 2005 మార్చిలో ముగిసినది. అనగా ఒకటవ తరగతిలో చూడ మొదలిడిన బాలుడు కథ ముగియునప్పటికి ఉన్నతపాఠశాలలో ఉండెను.

కథాసారము విద్యార్థులకు తెలిసినదే యైనను సంగ్రహముగా చెప్పుదుము. యోగసాధనచే కుండలినీశక్తిని మేల్కొలిపి, పంచభూతముల బలమును పొందిన మహావీరుడు శక్తిమాన్. అతడు లోకమున గంగాధరుడను పేర, ఎత్తుపండ్లతో, కండ్లజోడుతో, అమాయకపు చేష్టలతో ఒక పత్రికలో ఛాయాచిత్రగ్రాహకుడై తిరుగును. అదే పత్రికలో గీతా విశ్వాస్ విలేఖరి. అంధకారమునకు అధిపతియైన తమరాజ్ కిల్విష్ ప్రతినాయకుడు. విజ్ఞానమును దుర్వినియోగము చేయు డాక్టర్ జైకాల్ అతని పక్షము వాడు. ముకేశ్ ఖన్నా నాయకపాత్రమును ధరించుటయే గాక నిర్మాణభారమును కూడ వహించెను. అంతకు పూర్వము ‘మహాభారత్’లో భీష్ముని పాత్ర ధరించినవాడు ఆయనయే యని ప్రేక్షకులు ఎరుగుదురు. ఈ విషయము మా వాదమునకు ముందు పనికివచ్చును.

ఈ ధారావాహిక హిందీభాషలో నడచినది. ఐనను ఉత్తర తెలంగాణమున భాష అంతగా అడ్డు కాలేదు. 1948 వరకు నిజాము రాజ్యమున ఉన్న సీమ యగుటచే ఉర్దూ బజారున, కచేరిలో, బడిలో వినబడినది. ఆదిలాబాదు సరిహద్దున మరాఠీ మాటలాడు గ్రామములు కలవు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల పట్టణములలోను, రామగుండము విద్యుత్కేంద్రపు నివాసములలోను పలుప్రాంతముల కుటుంబములు కలిసి బ్రదికినవి. హిందీ పూర్తిగా రాని బాలునకు వచ్చిన బాలుడు తెలుగున చెప్పెడివాడు. అట్లు చెప్పుటలో కొంత అనువాదము, కొంత స్వకల్పనము ఉండుట సహజము. చూచినవాడు చూడనివానికి చెప్పునప్పుడు ప్రేక్షకుడు కథకుడగుచున్నాడు. ఇది మొదట గమనింపదగిన యంశము.

రెండవది విరామము. గ్రంథమును చదువువాడు ఓపిక లేనిచో చివరి పుటను తిరుగవేయవచ్చును. వారమున కొకమారు వచ్చు కథకు ఆ వీలు లేదు. ఆదివారము మధ్యాహ్నము తెర చీకటియైన పిదప మరల ఆదివారము వరకు ఆరు దినములు మిగులును. ఆ ఆరు దినములు ప్రేక్షకులవే. ఆ కాలమున పల్లెలకును చిన్నపట్టణములకును విద్యుత్తు కోత సామాన్యము. కథ నడుమ దీపము పోయినచో విరామము మరింత పెరుగును. పోయిన అరగంటలో ఏమి జరిగెనో సోమవారము నాడు బడిలో తెలిసికొనవలసినదే. చూచినవారు ఇద్దరు ఉన్నచో రెండు పాఠములు వినబడును. తాళపత్రప్రతులలోని పాఠభేదములను పరిష్కరించుటకు అలవాటుపడిన మనకు ఈ పరిస్థితి వింతగా తోపదు. ఒక ప్రతిలో గ్రంథపాతము కలిగినప్పుడు పరిష్కర్త పూర్వాపరములను బట్టి పూరించును. బాలుడును అదే చేసెను.

ఇట్టి విరామములలో పుట్టిన ఊహలను మేము మూడు విధములుగా విభజించుచున్నాము. మొదటిది ఫలోహ: ముందు ఏమి జరుగును? కిల్విష్ నశించునా? గంగాధరుడే శక్తిమాన్ అని గీతకు ఎప్పుడు తెలియును? రెండవది కారణోహ: జరిగినది ఎందుకు జరిగెను? అంత బలము గలవాడు గంగాధరుని వలె నవ్వులపాలగుట ఎందుకు? దుష్టుని ఒక్క దెబ్బతో తుదముట్టింపక విడిచిపెట్టుట ఎందుకు? మూడవది పూరణోహ: తెరపై చూపనిది ఏమి? గిరగిర తిరుగుచు వీరుడు మాయమైనప్పుడు అతడెచ్చటికి పోవును? గంగాధరుడు ఎప్పుడు నిద్రించును? ఇందు మొదటిదానికి కథ ముందుకు సాగిన కొలది సమాధానము లభించును. రెండవదానికి ఒక్కొక్కప్పుడు లభించును. మూడవదానికి కథకుడు సమాధానము చెప్పనవసరమే లేదు. అది ప్రేక్షకుని సొంత మడి. ప్రేక్షకుని ప్రతిభ యథేచ్ఛగా పండునది ఆ మూడవ మడిలోనే యని మేము తలంచుచున్నాము.

మన లక్షణశాస్త్రమున ఈ విషయమునకు చోటు లేకపోలేదు. భరతుడు నాట్యశాస్త్రమున కార్యమునకు ఐదవస్థలను చెప్పెను: ఆరంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. వీనికి అనుగుణముగా ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణములను ఐదు సంధులు. ఇవి నాయకుని కార్యగతిని బట్టి చేసిన విభాగములు. కాని ఆశ, సందేహము, నిశ్చయము అనునవి నాయకునితోపాటు ప్రేక్షకుని హృదయమునను నడచును. గర్భసంధిలో ఫలము కనబడి మరుగగును. విమర్శసంధిలో విఘ్నముచే సందేహము బలపడును. ధారావాహిక రచయిత చేయు పని యేమన, ఈ రెండు సంధులను ఏండ్ల తరబడి సాగదీయుట. నిర్వహణమును వాయిదా వేయుటయే అతని వృత్తి. ఫలాగమము ఆలస్యమైన కొలది ఫలోహ వడలును, పూరణోహ చిగుర్చును. చిరకాలము సాగిన కథలను గూర్చి ప్రేక్షకులు ‘ఏమగును’ అనుటకంటె ‘ఎట్లుండును’ అని ఎక్కువగా ఊహించుటకు ఇది కారణము కావచ్చును.

మరియొక లక్షణకారుని మాట ఇంకను సూటిగా వర్తించుచున్నది. అభినవగుప్తుడు రసప్రతీతికి గల విఘ్నములను లెక్కించుచు సంభావనావిరహమును మొదట పేర్కొనెను. చూపబడునది సంభవింపదగినదని ప్రేక్షకునికి తోపనిచో అతని మనస్సు అందు నిలువదు. లోకోత్తరమైన కార్యమును చూపవలసినప్పుడు ప్రఖ్యాతమైన వస్తువును, చిరకాలముగా జనుల విశ్వాసమున పాతుకొనిన నాయకుని గ్రహింపవలెననుట దానికి ఆయన చెప్పిన ప్రతీకారము. వైజ్ఞానిక కల్పనాకథకు ప్రథమశత్రువు ఈ విఘ్నమే. పాశ్చాత్యరచయిత యంత్రమును చూపి నమ్మించును. ‘శక్తిమాన్’ కర్తలు కుండలినిని, పంచభూతములను చూపి నమ్మించిరి. పైగా నిన్నటి భీష్ముడే నేటి వీరుడై వచ్చెను. పాత్రధారి ముఖము ద్వారా ఇతిహాసపు ప్రఖ్యాతి కల్పితకథకు సంక్రమించినది. ఈ కూర్పు ఎంత బలముగా పనిచేసెనో, దాని వలన ఎట్టి అపాయము కలిగెనో ముందు చెప్పుదుము.

ఇక ఈ సీమయందలి కథాగానమును చూతము. ఒగ్గుకథ కురుమ, గొల్ల కులములవారితో ముడిపడిన కళ. ‘ఒగ్గు’ అనగా శివుని డమరుకము. ప్రధానకథకునితోపాటు వంత పలుకువారు, డోలు, తాళములు మొదలగు వాద్యములవారు ఉందురు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు ఇందు ముఖ్యములు. పూర్వపు కరీంనగరు మండలములోని వేములవాడ సమీపమునగల హనుమాజీపేట వాస్తవ్యుడు మిద్దె రాములు ఈ కళలో ప్రసిద్ధి కెక్కినవాడు. మల్లన్న కొలుపులందు రంగుల పొడులతో పట్నము వేయుదురు. దేవుని ముందు కథ నడచును. మల్లన్న బలిజ మేడలమ్మను, గొల్ల కేతమ్మను పెండ్లాడునని వినవచ్చిన ప్రతివాడును ఎరుగును. కావున ఇచ్చట ఫలోహకు చోటు లేదు. ఐనను జనము తెల్లవార్లు కూర్చుండును. ఏలయన, ఈ కథకుడు ఈ రాత్రి ఆ ఘట్టమును ఎట్లు నడుపునో వారికి తెలియదు.

ఇందు వంతవాని స్థానము మిక్కిలి విలువైనది. అతడు ప్రధానకథకుని నడుమ ఆపును, ‘అట్లెట్లయితది?’ అని అడుగును, వేళాకోళము చేయును, వినువారి మనస్సున మెదలెడి సందేహమును తన నోట పలుకును. కారణోహ పుట్టిన వెంటనే అది ప్రశ్నగా మారి, సభాముఖమున సమాధానమును పొందుచున్నది. వంతవాడు వేదికపైనున్న శ్రోత యని మా నిర్ణయము. అంతేకాదు, ఒకే కథకుడు నడుమునకు వస్త్రము చుట్టి వీరుడగును, కొంగు కప్పి స్త్రీయగును. ముఖము మారకయే పాత్రము మారుచుండుట శ్రోతకు అలవాటు. అందుచే కథకుడు వేరు, కథలోనివాడు వేరను జ్ఞానము వినోదముతోపాటు అతనికి అలవడుచున్నది.

ఆదిలాబాదు గోండులలో ఈ సంబంధము మరియొక రీతిగా నున్నది. గోండు కుటుంబములకు ప్రధానులు వంశపరంపరగా వచ్చు గాథాగాయకులు. కిక్రి యను తంత్రీవాద్యముపై వారు దేవతల, వంశమూలపురుషుల గాథలను పాడుదురు. 1940వ దశకమున ఈ సీమలో నివసించి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ ఈ గాథలకు గోండుల సంఘజీవనమునగల ప్రాధాన్యమును గుర్తించెను. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల శాఖలుగా నున్న గోండులకు ఎవరి శాఖ గాథ వారిది. పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరులో జరుగు నాగోబా జాతరను మెస్రం వంశమువారు నిర్వహింతురు. గోదావరీజలమును కాలినడకన తెచ్చి దేవుని అభిషేకింతురు. ఇచ్చట వినువాడు కథలోని వంశమున పుట్టినవాడే. అతనికి ‘తరువాత ఏమైనది?’ అను ప్రశ్నకు సమాధానము తానే. అతని ఊహ ముందునకు గాక వెనుకకు, తన మూలములవైపునకు ప్రసరించును.

ఈ రెండు సంప్రదాయములందును సమానముగానున్నది ఒకటి కలదు. వినువాని ఊహకు బదులు చెప్పువాడు ఎదుటనే యుండును. కథకు హద్దులు కూడ స్పష్టముగా నుండును. పట్నము వేసినప్పుడు కథాలోకము తెరచుకొనును. మంగళము పాడినప్పుడు మూతపడును. మన యిండ్లలో ముసలమ్మలు కథ కంచికి, మనము ఇంటికి అని ముగించుటలోని అంతరార్థము ఇదియే. కథ పోవలసిన చోటు వేరు, మనము పోవలసిన చోటు వేరు. చిన్నవానికి ప్రతిరాత్రియు ఈ భేదము చెప్పబడుచుండెను.

టెలివిజనుపెట్టెలో వంతవాడు లేడు. ‘అట్లెట్లయితది?’ అని అడిగినను తెర బదులు పలుకదు. తరువాతి వారము కథ ఉన్నదని చెప్పి మూతపడునే గాని, కథ కంచికి పోదు. శక్తిమాన్ వచ్చి కాపాడునను నమ్మికతో పిల్లలు మేడలపై నుండి దుమికిరనియు, నిప్పంటించుకొనిరనియు ఆ కాలమున దేశములోని పత్రికలలో వార్తలు వెలువడినవి. ఆ వార్తలలో ఏది ఎంత నిజమను విషయమున వివాదము చెలరేగినది. ఐనను ప్రమాదము ఊహామాత్రము కాదని నిర్మాతలే గుర్తించినట్లు వారి చేత వలన తెలియుచున్నది. ముకేశ్ ఖన్నా ఆ వేషముననే బాలుర నుద్దేశించి, ఇట్టి సాహసములను అనుకరింపవలదని హెచ్చరించెను. చిన్నవైనను గొప్పవైన మాటలను పేర భాగాంతమున నీతిబోధ చేయు సంప్రదాయము కూడ ఆ ధారావాహికలో నెలకొన్నది.

ఈ హెచ్చరిక సాహిత్యదృష్టితో చూడదగినది. సంభావనావిరహమును తొలగించుటకు ప్రఖ్యాతనాయకుని ముఖమును, యోగవిద్యను తెచ్చిరి. నమ్మకము కుదిరినది, కొందరి విషయమున కుదురవలసినంత కంటె ఎక్కువగా కుదిరినది. అప్పుడు ఆ నమ్మకమునకు హద్దు గీయువాడు కావలసివచ్చెను. వంతవాడు లేని లోటును నాయకుడే కథ వెలుపలికి వచ్చి పూరించెను. ఐతే ఒక చిక్కు కలదు. కథలో ఎగిరినవాడే, ఆ వేషముననే, ఎగురవలదని చెప్పుచున్నాడు. వంతవాడు చెప్పినచో అది శ్రోత మాట. నాయకుడు చెప్పినచో అది కథలోని మరియొక మాటగా చిన్నవానికి వినబడవచ్చును. కాబట్టి దోషమును బాలుని ఊహాశక్తిపై మోపుట తగదని మా వాదము. ఊహ ఒగ్గుకథ వినువానికిని కలదు. బదులు చెప్పు మనిషి పక్కన ఉండుట, లేకుండుట అనునదియే ఇచ్చటి భేదము. ఇంటిలో పక్కన కూర్చుండి, నడుమ నడుమ పరిహాసమాడుచు చూచిన తాతయో అక్కయో ఉన్నచోట ఆ వంతస్థానము నిండియే యుండెను.

విదేశములందలి అనుభవముతో పోల్చినచో, ప్రేక్షకులు తమంతట తామే సంఘముగా ఏర్పడి ఈ స్థానమును పూరించుట కనబడును. బ్రిటనులో 1963 నవంబరున ఆరంభమైన ‘డాక్టర్ హూ’ అను కాలయానకథ 1989 వరకు సాగి, 2005లో మరల మొదలైనది. 1966లో ప్రధానపాత్రధారి విలియం హార్ట్‌నెల్ విరమింపగా, నాయకుడు దేహమును మార్చుకొనగలడని కల్పించి ప్యాట్రిక్ ట్రౌటన్‌ను ప్రవేశపెట్టిరి. ఆనాటి నుండి తరువాతి దేహము ఎవరిదను ఫలోహ ఆ దేశమున ఒక వేడుకగా మారినది. ‘శక్తిమాన్’లో గీత పాత్రను మొదట కిటూ గిద్వానీ, పిదప వైష్ణవీ మహంత్ ధరించిరి, ఇచ్చట పాత్ర పేరు మారలేదు, ముఖము మాత్రమే మారినది. కొంగు కప్పి స్త్రీయగు ఒగ్గుకథకుని ఎరిగినవారికి ఇది పెద్ద చిక్కు కాదు.

అమెరికాలో 1966లో ఆరంభమైన ‘స్టార్ ట్రెక్’ ఆగిపోవునను భయముచే 1967, 1968లలో ప్రేక్షకులు ఉత్తరముల ఉద్యమమును నడపిరి. దాని పిదప మూడవ సంవత్సరపు కథ వచ్చెను. మనదేశమునను ఇట్టిది జరుగకపోలేదు. 1988లో ‘రామాయణ్’ పట్టాభిషేకముతో ముగియగా, ఉత్తరకథ కూడ చూపవలెనని కోరుచు ఉత్తరభారతమున పారిశుద్ధ్యకార్మికులు సమ్మె చేసిరి. వాల్మీకిని తమ మూలపురుషునిగా భావించు సముదాయము వారిది. వాల్మీకి ముఖ్యపాత్రయై కనబడునది ఆ ఉత్తరకథలో. తరువాత లవకుశుల కథ ప్రసారమైనది. కథ అందరికిని తెలిసినదే. ఐనను తమవాడు లేని కథ ముగిసినట్లు వారు అంగీకరింపలేదు. ఇది కేస్లాపూరులో వంశగాథ వినువాని భావమునకు దగ్గర కాదా? అచ్చటను ఇచ్చటను శ్రోత కథలో తన చోటును వెదకుకొనుచున్నాడు.

తెలుగువారి ఫలకారణోహలకు ఇటీవలి మహోదాహరణము చలనచిత్రము నుండి లభించినది. 2015 జూలైలో వచ్చిన ‘బాహుబలి’ ప్రథమభాగము కట్టప్ప బాహుబలిని ఏల చంపెనను ప్రశ్నతో ఆగెను; 2017 ఏప్రిలున ద్వితీయభాగము వచ్చువరకు ఆ ప్రశ్న దేశమంతట పలుకబడెను. ఇది శుద్ధమైన కారణోహ: చంపెనని తెలిసినది, ఎందుకో తెలియదు. 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ వైజ్ఞానిక కల్పనమునందు అశ్వత్థామను నిలిపి, కథను ముగింపక విడిచినది. భారతము తెలిసినది, భవిష్యత్తు తెలియనిది. ప్రేక్షకుడు తెలిసినదానిని బట్టి తెలియనిదానిని లెక్కకట్టును. అభినవగుప్తుడు చెప్పిన ప్రఖ్యాతవస్తుగ్రహణము ఇచ్చటను పనిచేసినది. పదునారవ శతాబ్దిని పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న పూర్వవృత్తాంతములను మరుగుపరచి, రూపభ్రాంతులను కల్పించి, పాఠకుని నిరీక్షింపజేసిన తీరును ఎరిగిన మనకు ఈ విద్య క్రొత్తది కాదు.

ఇక పరిశోధకులు చేయవలసిన పనిని గూర్చి చెప్పి విరమింతుము. ‘డాక్టర్ హూ’ తొలినాటి భాగములలో తొంబదికి పైగా నేడు చిత్రరూపమున లభింపవు. ప్రసారసంస్థ వానిని భద్రపరచవలసినంత విలువైనవిగా తలంపక తుడిచివేసెను. కాని ఆ భాగముల ధ్వని యావత్తు నేడు నిలిచియున్నది. కారణమేమన, కొందరు ప్రేక్షకులు తమ యిండ్లలో టెలివిజను ముందు ధ్వనిగ్రాహకయంత్రములను పెట్టి పట్టియుంచిరి. సంస్థ పారవేసినదానిని ఊ కొట్టువారు దాచిరి. ఇచ్చట మన పరిస్థితి దీనికి విపర్యయముగా నున్నది. ‘శక్తిమాన్’ భాగములు ఉన్నవి. 2020 ఏప్రిలున దూరదర్శన్ వానిని పునఃప్రసారము చేసినది. ఆనాటి బాలుర ఊహలు మాత్రము ఎచ్చటను వ్రాయబడలేదు. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయములను సేకరించి శాస్త్రీయపరిశోధనకు ఈ సీమలో బాట వేసిరి. ఆ బాటను శ్రోతలవైపు మరల్చవలసియున్నది.

నాడు ఆ కథను చూచిన బాలురు నేడు ముప్పది, నలువది యేండ్ల వయస్సున ఉన్నారు. గోదావరిఖనిలోను, నిర్మలలోను, జగిత్యాలలోను వారు లభింతురు. వారిని మూడు ప్రశ్నలు అడుగవలెను: ఏమి జరుగుననుకొంటిరి? ఎందుకు జరిగెననుకొంటిరి? చూపనిదానిని ఎట్లు కల్పించుకొంటిరి? వారు చెప్పినదానిని వారి మాటలలోనే, ఆ మాండలికముననే వ్రాసికొనవలెను. తప్పుగా గుర్తుంచుకొనిన ఘట్టమును దిద్దరాదు. ఆ తప్పే మనకు కావలసిన పాఠము. వారి పక్కన కూర్చుండి చూచినవారెవరో కూడ అడిగి తెలిసికొనవలెను. ఒగ్గుకథను ముద్రించునప్పుడు సైతము వంతవాని ప్రశ్నలను, సభలోని కేకలను, నవ్వులను అధోభాగమున నెట్టక, కథాశరీరముననే నిలుపవలెను. ఇట్లు చేసినచో వంతవాని ‘అట్లెట్లయితది?’ యను ప్రశ్నయు, విద్యుత్తు పోయిన మరునాడు బడిలో ఒక బాలుడు మరియొకనికి చెప్పిన కథయు ఒకే గ్రంథమున చేరగలవు. మా విద్యార్థులలో కొందరైనను ఈ పనికి పూనుకొందురని ఆశించుచున్నాము.